పురపాలుడి జీతం

రాతి తోడేళ్లకు ఆయాసం రాదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే శరభుడు ఆ కొండదారిలో అడుగు పెట్టేవాడే కాదు. అతని గుర్రం నోట నురుగులు కక్కుతూ దౌడు తీస్తోంది. వెనక నల్లరాతి తోడేళ్ల మంద, ఒకదాని భుజం ఒకటి ఒరుసుకుని నిప్పురవ్వలు రాలుస్తూ తరుముకొస్తోంది. ఒకటి ఎగిరి గుర్రం తోకను అందుకోబోయింది. శరభుడు వెనక్కి తిరిగి దాని మూతి మీద కత్తితో కొట్టాడు. కత్తి ఖంగుమని పిడి దాకా విరిగి, పిడి మాత్రం చేతిలో మిగిలింది. దాన్నీ విసిరేసి గుర్రం మెడ మీదికి వంగాడు.

శరభుడు రాజకుమారుడేమీ కాదు. కుంభినీ దేశంలో రాజుగారి గుర్రాలను మాలిమి చేసే సాహిణి. అతని చెల్లెలు చెంగల్వను ధూమ్రజటి అనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. వచ్చే అమావాస్యకు తన క్షుద్రదేవత ముందు ఆ పిల్లను బలి ఇస్తానని పంతం పట్టాడు. వాడి జాడ పట్టుకుని శరభుడు అడవులూ కొండలూ దాటి వస్తున్నాడు. మధ్యలో ఒక గుహ దగ్గర ఇద్దరూ కలియబడ్డారు కూడా. మాంత్రికుడి ఎడమ చెవి తమ్మె శరభుడి కత్తికి తెగిపడింది, మాంత్రికుడు మాత్రం పొగై జారిపోయాడు. అప్పటినుంచి శరభుడు మేకవెంట్రుకల గడ్డం అంటించుకుని, కస్తూరి అమ్ముకునే వర్తకుడి వేషంలో తిరుగుతున్నాడు. ఆ వేషం మనుషుల్ని బాగానే మోసం చేసింది గాని తోడేళ్ల దగ్గర పనిచేయలేదు.

అంతలో తూర్పున పొద్దు పొడిచింది. కొండ మలుపు తిరగ్గానే వైడూర్యపట్నం ఒక్కసారిగా కళ్లెదుట నిలిచింది. పిల్లికన్ను రంగు రాళ్లు తాపడం చేసిన బురుజులు, బురుజుల నెత్తిన బంగారు మకరతోరణాలు, నెమళ్లు చెక్కిన దంతపు తలుపులు. కోట చుట్టూ అగడ్తనిండా ఎర్రకలువలు, కలువల కింద కదలకుండా పడుకున్న మొసళ్లు. ఎండ తగిలిన తోడేళ్లు ఎక్కడివక్కడ గులకరాళ్లై కుప్పకూలి, దొర్లుకుంటూ పోయి అగడ్తలో పడ్డాయి. గుర్రం అదే ఊపున వంతెన దాటి తూర్పు ద్వారంలోకి దూసుకుపోయింది.

అంత దౌడుతో వచ్చినవాణ్ణి ఏ కోటలోనైనా ఈటెలతో ఎదుర్కొంటారు. ఇక్కడ శంఖాలు ఊదారు. పైనుంచి ఎవరో బుట్టెడు మల్లెపూలు నెత్తిన కుమ్మరించారు. ద్వారపాలకుల పెద్ద చేతులు కట్టుకుని, తమరు ఈ ఊరివారేనా అని అడిగాడు. కాదన్నాడు శరభుడు. ఊళ్లో చుట్టాలున్నారా అని అడిగితే లేరన్నాడు. పోనీ ఈ ఊరితో ఏమైనా పని ఉందా అంటే, నిజం చెప్పడం మంచిది కాదనుకుని అదీ లేదన్నాడు. ఆ మాట వినడంతోనే ద్వారపాలకుడి మొహం చాటంత అయింది. నలుగురు భటులు శరభుణ్ణి గుర్రం మీదనుంచి లాగి భుజాల మీదికి ఎత్తుకున్నారు.

"నన్నెక్కడికి తీసుకుపోతున్నారు?"

"ఆ సంగతి తమకు చెప్పే అధికారం మాకు లేదయ్యా," అన్నాడొకడు ఎంతో వినయంగా.

ఇక ఎవరిని అడిగినా అంతే. వీధిలో జనం దణ్ణాలు పెడుతున్నారు, ఏమిటిదని అడిగితే చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకుంటున్నారు. స్నానాల ఇంట్లోకి తీసుకెళ్లి నలుగు పెట్టారు. పసుపునీళ్లు పోశారు. బలికిచ్చే మేకకు కూడా ఇన్ని మర్యాదలూ చేస్తారని శరభుడికి తెలుసు. ఈలోగా ఒక ముసలి మంగలి సాంబ్రాణి పొగ వేసి గడ్డం దువ్వబోయాడు. ఎడమ దవడ మీది సగం గడ్డం దువ్వెనతోపాటు లేచి వచ్చింది. శరభుడు దాన్ని గబుక్కున అరచేత్తో అదిమిపట్టి, గడ్డం ఎవరూ ముట్టుకోకూడదని తనకు మొక్కు ఉందని బొంకాడు. మంగలి ఏమనుకున్నాడో గాని పైకేమీ అనలేదు. తర్వాత వెండిపళ్లెంలో పూర్ణాలు, పాయసం తెచ్చి పెట్టారు. చచ్చేవాడికైనా ఆకలి ఆకలే కదా అని శరభుడు అన్నీ తినేశాడు.

భోజనం అయ్యాక సభకు నడిపించారు. ఆ సభామండపం చూడడానికి రెండు కళ్లు చాలవు. స్ఫటికపు స్తంభాలు, ఒక్కో స్తంభంలో ఒక్కో రంగు దీపం. పైకప్పునిండా నక్షత్రాలు పొదిగిన నీలపు చాందినీ. నేలమీద అద్దంలాంటి నునుపు. దాంట్లో తన పసుపు మొహమూ వంకర గడ్డమూ చూసుకుని శరభుడు తానే జడుసుకున్నాడు. మధ్యలో ఎత్తయిన గద్దె. నరబలి గద్దె మీద దిండ్లుండవని ధైర్యం చెప్పుకుని ఎక్కి కూర్చున్నాడు.

అప్పుడు ఒక ముసలావిడ లేచింది. పేరు మాచాంబ, నేతగాళ్ల శ్రేణికి పెద్ద. మనిషి పొట్టి, గొంతు మాత్రం సభ చివరివరకూ వినపడుతుంది. విషయమంతా అప్పటికిగాని బయటపడలేదు.

వైడూర్యపట్నానికి రాజు లేడు. రాజవంశం ఏనాడో అంతరించింది. ఊరిని నడిపేవాడు పురపాలుడు. ఊరి పెద్దలు మంచివాణ్ణి చూసి నియమిస్తారు, కోట తాళాలు, కొఠారు తాళాలు, అన్నీ అతని చేతికిస్తారు. వచ్చిన చిక్కల్లా జీతం దగ్గరే. ఒకప్పుడు జీతం ఊరివాళ్లే నిర్ణయించేవారు. వాళ్లు గీచి గీచి ఇస్తే, ఆ పురపాలుడు కడుపు నిండక కోటగోడ రాళ్లు ఊడదీసి అమ్ముకున్నాడు. తర్వాతివాణ్ణి నీకెంత కావాలో నువ్వే చెప్పుకోమన్నారు. వాడు ఊరిలో సగం తనకు రాయించుకుని, మిగతా సగానికి అద్దె అడిగాడు. దాంతో ఊరివాళ్లకు బుద్ధి వచ్చి ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ జీతం సంగతి ఎత్తకూడదు. నియామకం రోజున తూర్పు ద్వారంలోంచి మొదట వచ్చిన పరాయివాడు, ఊరితో ఏ పనీ లేనివాడు, వాడు చెప్పిందే జీతం. ముందుగా ఎవరూ వాడి చెవి కొరక్కూడదు గనక, సభకు వచ్చేదాకా వాడితో ఏమీ చెప్పకూడదు.

"ఇదీ సంగతి నాయనా. ఎంత ఇమ్మంటావో నువ్వే చెప్పు," అంది మాచాంబ.

తన మెడకు ముప్పు లేదని తెలిసి శరభుడికి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే మరో గుబులు పట్టుకుంది. గుర్రానికి ఎన్ని ఉలవలు పెట్టాలో చెప్పగలడు గాని ఊరినేలేవాడికి ఎంత ఇవ్వాలో అతనికేం తెలుసు? చెంగల్వ కోసం వచ్చినవాడు ఇక్కడ దిండ్ల మీద కూర్చుని ఎవరిదో జీతం లెక్క తేల్చడమేమిటో అంతకన్నా అర్థం కాలేదు. ఏదో ఒకటి చెప్పేసి బయటపడదామనుకున్నాడు.

ఆ పని కూడా తప్పేలా కనిపించింది. ఎంపికైన పెద్దమనిషిని లోపలికి తెచ్చారు. పేరు గుణనిధి, పొరుగు రాజ్యంలో ధర్మాత్ముడని పేరున్నవాడు. తెల్లటి బట్టలు, తెల్లటి తలపాగా, చూడగానే కాళ్లకు మొక్కాలనిపించే మొహం. రత్నాల వర్తకుడు కుప్పసెట్టి కట్టుబాటు కూడా మరిచిపోయి లేచి, ఈ మహానుభావుడు జీతమే వద్దంటున్నాడని, గవ్వ కూడా ముట్టనంటున్నాడని చెప్పాడు. సభలో సగంమంది కళ్లు తుడుచుకున్నారు. శరభుడికి కూడా కళ్లు చెమర్చాయి. సరే, జీతం ఏమీ వద్దు అని చెప్పడానికి నోరు తెరిచాడు.

తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది. నచ్చకపోతే పురపాలుణ్ణి ఎలా తీసేస్తారని అడిగాడు. కొత్త సాహిణిని పెట్టుకునేటప్పుడు రాజుగారి దివాణంలో అడిగే మొదటి ప్రశ్న అదే. అలవాటుకొద్దీ వచ్చేసింది.

మాచాంబ చెప్పింది. రాబోయే నెల జీతం పళ్లెంలో పెట్టి వాడి గడప ముందు ఉంచుతామంది. అది చూసి వాడు తాళాలు వదిలి వెళ్లిపోవాలి. ఇన్ని తరాలుగా ఊరికున్న ఆయుధం అదొక్కటే.

"మరి ఈయనకు పళ్లెంలో ఏం పెడతారమ్మా?" అన్నాడు శరభుడు.

కుప్పసెట్టి కళ్లు తుడుచుకుంటున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. గుణనిధి మాత్రం చిరునవ్వు చెదరకుండా, పరాయివారి సందేహం న్యాయమైనదేనని, తన మీద అనుమానం వద్దని తియ్యగా అన్నాడు. జీతం నిర్ణయించేవాడి ముందు తల మీద గుడ్డ ఉండకూడదన్నది అక్కడి మర్యాద. ఆ మర్యాద ప్రకారం తలపాగా తీసి వంగాడు.

ఎడమ చెవికి తమ్మె లేదు.

శరభుడి ఒళ్లు మండిపోయింది. ఆ గాయం తన కత్తిదే. మాయతో ధూమ్రజటి ఏ మొహమైనా తొడుక్కోగలడు గాని ఇనుము కోసిన చోట మళ్లీ మాంసం మొలిపించుకోలేడు. అరవాలనిపించింది. అరిస్తే అంటుగడ్డం పెట్టుకున్న పరాయివాడి మాట నమ్మి ధర్మాత్ముణ్ణి ఎవరు పట్టుకుంటారు? పైగా చెంగల్వ వాడి చేతిలో ఉంది. వాడు పొగై పోతే ఆ పిల్ల కూడా పోతుంది. వాడికి ఈ ఊరి తాళాలెందుకో ఎంత ఆలోచించినా బోధపడలేదు. ఎందుకైనా సరే, అవి మాత్రం వాడి చేతికి పోకూడదు. తన చేతిలో ఉన్నది జీతం ఒక్కటే. వాడు పుచ్చుకోలేని జీతం ఏదైనా ఉందా?

ఉంది. ధూమ్రజటి మొదట వాళ్లింటికి బిచ్చగాడి రూపంలో వచ్చాడు. చెంగల్వ గంజి పోస్తే ఉప్పు వెయ్యొద్దన్నాడు. ఉప్పులేని గంజి గొడ్డుకైనా దిగదని ఆ పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చి శరభుడికి ఏడుపొచ్చినంత పనైంది. వాడు ఉప్పెందుకు వద్దన్నాడో తర్వాత ఒక ముని చెప్పాడు. ఎవరి ఉప్పు తింటే వాళ్లకు కీడు చేయలేడు. చేశాడా, వాడి మంత్రాలు వాణ్ణే తినేస్తాయి.

శరభుడు గద్దె మీద నిటారుగా కూర్చున్నాడు.

"పురపాలుడికి రోజుకు చిటికెడు ఉప్పు జీతం. ఊరివాళ్లు ఇవ్వాలి, అందరూ చూస్తుండగా ఆయన నోట్లో వేసుకోవాలి. ఈరోజే మొదలు."

కుప్పసెట్టి సంతోషం పట్టలేకపోయాడు. ఇంత చవకగా తేలుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. పరుగున పోయి తానే వెండిగిన్నెలో ఉప్పు తెచ్చాడు. గుణనిధి మొహానికి మాత్రం చెమట పట్టింది. తనకు ఉప్పు తినని వ్రతం ఉందన్నాడు. పసిడైనా పుచ్చుకుంటాను, ఉప్పు మాత్రం వద్దన్నాడు. గవ్వ కూడా ముట్టనన్నవాడు పసిడి పేరెత్తేసరికి జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాచాంబ గిన్నెను అతని ముందుకు జరిపి, చెప్పిన జీతం మార్చడం ఉండదని, తింటావో తినవో తేల్చమని అంది.

వాడు గిన్నెను వేలితో వెనక్కి నెట్టాడు. తలపాగా చుట్టుకుని, ఒప్పుకోనన్నాడు. జీతం కాదన్నవాడు తన సామానుతో పడమటి ద్వారంలోంచి వెళ్లిపోవాలి, మళ్లీ ఈ జన్మలో లోపలికి రాకూడదు, ఏ వేషంలో వచ్చినా ఆ కోట తలుపులు వాడికి తెరుచుకోవు. అలా పోతూ పోతూ గద్దె పక్కన ఒక్క క్షణం ఆగాడు.

"గడ్డం సరిగ్గా అంటలేదు, సాహిణీ," అన్నాడు గొంతు తగ్గించి.

శరభుడు ఎగిరి దూకాడు. వాడి వెంట పడదామని రెండడుగులు వేశాడో లేదో, నగారాలు మోగాయి. జనం వచ్చి మీద పడ్డారు. మెడలో ఒక దండ, దాని మీద ఇంకో దండ. మాచాంబ అతని మొలకు బరువైన తాళాల గుత్తి కట్టింది. అరచేతిలో చిటికెడు ఉప్పు పోసింది. ఇదేమిటమ్మా, వాడు పారిపోతున్నాడు, నన్ను వదలండని శరభుడు గింజుకుంటే ఆవిడ నెమ్మదిగా, జీతం చెప్పినవాడికి ఆ మాత్రం తెలియదా అన్నట్టు చెప్పింది. ఎంపికైనవాడు కాదంటే, జీతం చెప్పినవాడే ఆ జీతానికి పని చేయాలి. లేకపోతే ప్రతివాడూ నోటికొచ్చినట్టు చెప్పి పోడూ?

చెల్లెల్ని వెతుక్కుంటూ వచ్చి పొద్దెక్కేసరికి ఊరికి అధికారైన మనిషి ఇంకొకడుండడు. శరభుడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కిటికీలోంచి పడమటి వీధి కనిపిస్తోంది. ఎద్దుబండి ఒకటి గబగబా పోతోంది, ముందు తెల్లబట్టల మాంత్రికుడు. బండిలో మనిషి పట్టేంత పొడవున్న చందనపు పెట్టె. పెట్టె మూత లోపలినుంచి ఎవరో గుద్దుతున్నట్టు అదిరి అదిరి పడుతోంది.

చెంగల్వ.

శరభుడు పూలదండలు తెంపుకుని కిటికీలోంచి దూకాడు. కింద పందిరి మీద పడి, పందిరి చీలిపోయి కుమ్మరివాడి కుండల మధ్య తేలాడు. ఎదురుగా ఎవరిదో జీను లేని గుర్రం. జూలు పట్టుకుని ఎక్కి అదిలించాడు. గాజులబండి మీదినుంచి ఒక దూకు, కల్లుకుండల కావడి మీదినుంచి ఇంకొకటి. ఊరివాళ్లు మాత్రం తమ కొత్త పురపాలుడు తొలి రోజే ఊరంతా చూసి వస్తున్నాడని మురిసిపోయి చప్పట్లు కొడుతున్నారు. అతను పడమటి ద్వారం చేరేసరికి బండి కమాను దాటి అవతలికి వెళ్లింది.

గడప దగ్గర నేలలో ఇత్తడి గీత ఒకటి పొదిగి ఉంది. పల్లకీలో అడ్డదారిన వచ్చిన మాచాంబ ఆ గీత ముందు నిలబడి రెండు చేతులూ చాచింది. పురపాలుడు ఈ గీత దాటకూడదని చెప్పింది. ఉప్పు తిన్నా తినకపోయినా, దాటితే జీతం కాదన్నట్టే లెక్క అంది. అప్పుడు అతనికి కూడా మళ్లీ ఈ కోటలోకి దారి ఉండదు.

"అమ్మా, ఆ పెట్టెలో నా చెల్లెలుంది. మీ ఊరితో నాకేం పని?"

ఆవిడ చేతులు కిందికి వాలిపోయాయి. ఆవిడ కూడా ఆడపిల్లల తల్లే కాబోలు, ఇక అడ్డం రాలేదు. శరభుడు మొలనుంచి తాళాల గుత్తి తెంపి ఆవిడ కాళ్ల దగ్గర పడేశాడు. అరచేతిలో తడిసిపోయిన ఉప్పును నేల మీద విదిలించాడు. గుర్రాన్ని గీత దాటించాడు. వెనక దంతపు తలుపులు దడాలున మూసుకున్నాయి, అడ్డగడియలు ఒకదాని తర్వాత ఒకటి పడుతున్న చప్పుడు వినిపించింది.

మాంత్రికుడు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఎద్దులు రెండూ రెండు కొండచిలువలై శరభుడి మీదికి లేచాయి. గుర్రం బెదిరి నిటారుగా నిలబడింది. శరభుడు దాని వీపు మీదినుంచి బండిలోకి గెంతి, కాడికి ఉన్న ఇనపచీల ఊడబెరికి మొదటిదాని తల బండిచెక్కకు కుట్టేశాడు. రెండోది నడుముకు చుట్టుకుంది. ఊపిరి ఆడడం లేదు. ఆడకపోయినా అదే చీలను పైకి లాగి పెట్టె తాళం మీద కొట్టాడు. తాళం పగిలింది. చీల మొన తిరిగి కొండచిలువ కంట్లో దిగి, అది జారిపడి గడ్డితాడై పోయింది. శరభుడు రొప్పుతూ మూత ఎత్తాడు.

పెట్టెలో చెంగల్వ లేదు. తెల్లబట్టల ముసలాయన ఒకాయన కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్నాడు. అచ్చం గుణనిధి. చెవులు రెండూ చక్కగా ఉన్నాయి.

శరభుడు ఒకసారి ఆ మొహం చూశాడు, ఒకసారి దూరంగా నిలబడ్డ మాంత్రికుడి మొహం చూశాడు. రెండూ ఒకటే. ముసలాయన నోట్లోని గుడ్డ లాగేసి, చెంగల్వ ఏదని కుదిపి కుదిపి అడిగాడు. పాపం ఆయన, నియామకానికి వస్తుంటే దారిలో తనను పట్టుకుని తన రూపం వాడు తొడుక్కున్నాడని మొదలుపెట్టాడు. శరభుడు అదంతా విననివ్వలేదు.

"ఆ పిల్లా?" అన్నాడు ముసలాయన రొప్పుతూ. "ఈ ఊరిమీదుగా పోతున్నప్పుడు వీడి చేతిలోంచి తప్పించుకుందట నాయనా. ఊరి కొఠారులో దూరి తలుపు లాగేసుకుందట. ఆ ఇనపతలుపు మంత్రానికి లొంగదు, పురపాలుడి తాళంచెవికి తప్ప తెరుచుకోదు. వీడు రోజూ నా పెట్టె మీద కూర్చుని తనలో తాను తిట్టుకుంటుంటే విన్నాను."

శరభుడి చెయ్యి తనకు తెలియకుండానే మొల దగ్గరికి పోయింది. అక్కడేమీ లేదు. ఆ తాళంచెవి ఇందాక తన నడుముకు వేలాడింది, తానే తెంపి విసిరేశాడు. వెనక కోటతలుపు నున్నగా, గోరు దిగే సందు కూడా లేకుండా మూసి ఉంది. అతను బండి దిగి చక్రానికి ఆనుకున్నాడు.

మాంత్రికుడు నవ్వలేదు. మంత్రమూ చదవలేదు. గుణనిధి మొహం తీసేసి, జడలు కట్టిన తన తలతో నెమ్మదిగా దగ్గరికి వచ్చి, వాడూ కోటతలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"జీతం కాదన్నవాళ్లం ఇద్దరమూ బయటే ఉన్నాం, సాహిణీ. మనకు కావలసింది లోపలుంది."

శరభుడి పిడికిట్లో ఇనపచీల ఉంది. ధూమ్రజటి మెడ బారెడు దూరంలో ఉంది. ఆ మెడలో దాన్ని దింపాలో, లోపలికి పోవడానికి నీకేమైనా దారి తెలుసా అని వాణ్ణే అడగాలో అతనికి తోచలేదు.